కోళ్ళను ఎక్కడ ఉంచాలి?

ఇల్లు కట్టే ముందు ప్లాను గీస్తారు. ప్లాను గీసేవారే ఆర్కిటెక్టు.

యాస్మీన్ లారీ ఆర్కిటెక్టు. పాకిస్తాన్‌లో ఈ పని చేపట్టిన మొదటి మహిళ ఆమె. 1970లలో లాహోరులో పేదల ఇళ్ళకు ప్లాను గీశారు. ముందు అక్కడి ఆడవాళ్ళతో మాట్లాడారు. మా కోళ్ళను ఎక్కడ ఉంచాలి అని వాళ్ళు అడిగారు. ఆమె నవ్వి ఊరుకోలేదు. ప్లానులోనే ఆరుబయలు డాబాలు పెట్టారు.

2005లో పెద్ద భూకంపం వచ్చింది. ఊళ్ళు కూలిపోయాయి. మట్టి, సున్నంతో ఇళ్ళు కట్టుకోవడం ఆమె జనానికి నేర్పారు. తర్వాత పొగరాని మట్టిపొయ్యి తయారుచేశారు. దాన్ని ఆడవాళ్ళే కట్టుకున్నారు.

అక్కలారా, ఆలోచించండి! మీ ఇల్లు కట్టేటప్పుడు మిమ్మల్ని ఎవరైనా అడిగారా? పొయ్యి పొగ ఎటు పోవాలి? స్నానానికి చాటు ఎక్కడ?

మేస్త్రీ ముగ్గు పోయకముందే చెప్పండి. గోడ లేచాక చెబితే ఖర్చు!