విద్యా విరామం

2022లో నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో, మాచర్లకు సమీపాన, నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిన ఒక చారిత్రక లోయ ఉంది. క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి విలసిల్లిన చోటు అదే. అక్కడ 1954 నుండి 1960 వరకు సాగిన తవ్వకాలలో అనేక బౌద్ధ విహారాలు బయల్పడ్డాయి. బౌద్ధ భిక్షువులు ఊరూరా సంచరిస్తూ ధర్మప్రబోధం చేసేవారు. వర్షాకాలంలో మూడు మాసాలు మాత్రం సంచారం మాని, ఒకేచోట నిలిచి, ధ్యానంలోనూ అధ్యయనంలోనూ గడిపేవారు. దీనినే వర్షావాసం అంటారు.

నిత్యకృత్యాన్ని కొంతకాలం ఆపి జ్ఞానాన్ని పెంపొందించుకొనే ఇటువంటి ఏర్పాటు ఆధునిక విద్యారంగంలోనూ ఉంది. అదే సబ్బాటికల్ సెలవు. విశ్రాంతి అనే అర్థమిచ్చే హీబ్రూ పదం దీనికి మూలం. ప్రాచీన యూదుల ధర్మశాస్త్రం ప్రకారం భూమిని ఆరేండ్లు సాగుచేసి, ఏడవ యేట బీడుగా విడువాలి. ఆ యేట దానంతట అది పండిన పంట పేదలకు చెందుతుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1880లో ఆచార్యులకు ఈ సెలవును ప్రవేశపెట్టింది.

మన దేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనల మేరకు, అసోసియేట్ ప్రొఫెసర్‌గా గాని ప్రొఫెసర్‌గా గాని ఏడేండ్ల సేవ పూర్తిచేసిన శాశ్వత అధ్యాపకులకు ఈ సెలవు మంజూరు కావచ్చు. ఒక పర్యాయం ఏడాదికి, ఉద్యోగకాలం మొత్తంలో రెండేండ్లకు మించరాదు. ఆ కాలంలో పూర్తి జీతం లభిస్తుంది. కాని మరొక సంస్థలో నియత ఉద్యోగం చేపట్టరాదు. అధ్యయనం, పరిశోధన వంటి విద్యా కృషే దీని ప్రయోజనం.

ఇటువంటి పనికి తీరిక ఎంత అవసరమో పల్నాటి వీరగాథ తెలుపుతుంది. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ పల్నాడుకు వచ్చి, ఆ గాథను గాయకుల నోట విని, ఆంగ్లంలోకి అనువదించి 1982లో గ్రంథంగా వెలువరించాడు. అది సబ్బాటికల్ సెలవులో చేసిన పని కాదు. అయినా తరగతి గది, పరీక్షల మధ్య అటువంటి కృషి సాధ్యపడదన్నది స్పష్టం.

అయితే ఈ అవకాశం అందరికీ లేదు. మిర్చి కోతకు వెళ్లే కూలీకి ఒకరోజు విరామమంటే ఒకరోజు కూలి పోవడమే. శాశ్వత నియామకం లేని అధ్యాపకునికీ ఈ సెలవు వర్తించదు. కనుక దీనిని పొందినవారు సొంత విశ్రాంతిగా భావించరాదు. బీడు భూమి పంట పేదలకు చెందినట్లే, ఈ విరామ ఫలం విద్యార్థులకూ సమాజానికీ చెందాలి. అప్పుడే అది సార్థకమవుతుంది.