గ్రూపులో రైతు వేషం

మార్టూరులో పురుగుమందుల కొట్టున్న ఒక పాఠకుడి సందేహం: మిర్చి రైతుల వాట్సాప్ గ్రూపులో తమ బయోమందు బాగుందని, వాడిన రైతు చెప్పినట్టుగా కొట్టు కుర్రాడి చేత పెట్టించవచ్చా?

వద్దు. కుర్రాడి నంబరు సగం మంది ఫోన్లలో కొట్టు పేరుతోనే ఉంటుంది!

2021–22లో నల్ల తామరపురుగు పూతలో దూరి గుంటూరు, ప్రకాశం తోటల్ని ఊడ్చేసింది. దిక్కుతోచని రైతులు ఎవరేం చెబితే అది కొట్టారు. ఆ ఖర్చు వాళ్లింకా మరిచిపోలేదు; అందుకే దొంగ సిఫారసు బయటపడితే ఊరుకోరు.

చట్టమూ ఒప్పుకోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల వరకు జరిమానా. మళ్లీ చేస్తే 50 లక్షల వరకు. అమ్మేవాడితో సంబంధముంటే బయటపెట్టాలని 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

కొట్టు యజమాని తన సొంత నంబరు నుంచే ఇలా పెట్టవచ్చు: “ఇది మా కొట్టు సరుకే. రెండుసార్లు కొట్టిన చేలో పూత నిలిచింది, పురుగు పూర్తిగా పోలేదు. చేను చూస్తానంటే తీసుకెళ్తాను.”