నేత ఇంట కుక్కపిల్ల

షోలాపూరు పేరు వినగానే చద్దర్లు, తువాళ్లు గుర్తుకు వస్తాయి. తెలంగాణ పల్లెల నుండి తరతరాల కిందట వలస వచ్చిన పద్మశాలీలు ఇక్కడి పేటలలో మగ్గాలు పెట్టుకొని స్థిరపడ్డారు. ముందుగదిలో మరమగ్గం, వెనుక వంట, వాకిట్లో బీడీలు చుట్టే ఆడవారు - నేత ఇల్లంటే ఇలా ఉంటుంది. పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్న చిన్నజాతి కుక్కపిల్ల ఇటువంటి ఇంట్లోనే పెరగాలి. మనం పొమేరియన్ అని పిలిచే తెల్లని బొచ్చుకుక్కలలో చాలావరకు నిజానికి ఇండియన్ స్పిట్జ్ జాతివి. పేరు ఏదైనా పెంపకం ఒక్కటే.

కుక్కపిల్ల దేనినైనా నోటితోనే పరిచయం చేసుకుంటుంది. మూడవ నెల నుండి ఆరవ నెల వరకు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. అప్పుడు దొరికినదల్లా కొరుకుతుంది. నేత ఇంట దొరికేది నూలే. చెప్పు కొరికితే చెప్పు పోతుంది; నూలు మింగితే ప్రాణమే పోవచ్చు. పోగు ఒక కొస నాలుక కింద చిక్కుకొని, రెండవ కొస లోపలికి జారితే, నాడా లాగిన సంచి మూతిలాగా పేగు కుచ్చెళ్లు పడి ముడుచుకుంటుంది. బిగిసిన పోగు పేగును కోస్తుంది. కుక్కపిల్ల వాంతులు చేసుకొంటుంది, తిండి మానేస్తుంది. నోటి నుండి గాని, వెనుక నుండి గాని పోగు కొస కనిపించినా పట్టి లాగరాదు. వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. బీడీ పొగాకు కూడా కుక్కకు విషమే. అందుచేత పొగాకు చేటను, కండెల బుట్టను అందనంత ఎత్తున ఉంచాలి.

ఈ ఇళ్లలో కుక్కపిల్లకు నేర్పవలసిన మొదటి మాట "కూర్చో" కాదు, "వదులు". అది కండెను నోట కరచుకొన్నప్పుడు వెంటపడితే ఆట అనుకొని మరింత పరుగెత్తుతుంది. నిలబడి, జొన్నరొట్టె ముక్కను దాని ముక్కు ముందు పెట్టి "వదులు" అనాలి. నోరు తెరిచి కండెను వదలిన క్షణంలోనే ముక్క ఇవ్వాలి. ఆలస్యమైతే ఆ ముక్క దేనికి దొరికిందో దానికి తెలియదు. మొదట పాతగుడ్డతో, బంతితో రోజుకు నాలుగైదుసార్లు, ఒక్కొక్కసారి రెండు మూడు నిమిషాలు చాలు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అవ్వ "వదులు" అంటుంది. వీధిలో మరాఠీ మాట్లాడే పిల్లవాడు "సోడ్" అంటాడు. అన్న "లీవ్" అంటాడు. మూడింటికీ అర్థం ఒక్కటేనని మనకు తెలుసు, కుక్కపిల్లకు తెలియదు. దానికి భాష లేదు, శబ్దమే ఉంది. ఇంటిల్లిపాదీ కూర్చొని ఏ మాట వాడాలో ముందే నిర్ణయించుకోవాలి.

నిద్ర లేవగానే, తిన్న తరువాత, ఆడిన తరువాత బయటికి తీసుకొనిపోతే ఇల్లు తడపడం తగ్గుతుంది. తడిపిన చోట ముక్కు రుద్దడం మొరటు పద్ధతి; దానివల్ల కుక్కపిల్ల చాటున తడపడం మాత్రమే నేర్చుకొంటుంది.

మగ్గం చప్పుడుకు వచ్చిన కొత్తలో అది బెదరుతుంది. మనిషి చెవికి అందని సన్నని శబ్దాలు కూడా కుక్క చెవికి అందుతాయి. మొదట వంటగదిలో ఉంచి, రోజు రోజుకు కొంచెం దగ్గరకు తేవాలి. ఆడుతున్న మగ్గం పక్కకు మాత్రం ఎన్నడూ రానీయరాదు. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి. ఆటలో పంటిగాటు పడినా, ఆ చోటును సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.