లెక్కకెక్కని సంచి

బ్రిటన్‌కు చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలకూ, డిపెండెంట్ వీసా మీద వెంట వెళ్లిన భార్యకో భర్తకో అక్కడ మొదట దొరికే పని చాలాసార్లు ఛారిటీ షాపులో వాలంటీరు పనే. జీతం ఉండదు. అయినా అక్కడి యాసకు చెవి అలవాటు పడుతుంది, టిల్ (బిల్లు కొట్టి డబ్బు తీసుకునే యంత్రం) మీద చెయ్యి తిరుగుతుంది, కొన్ని నెలలయ్యాక జీతం వచ్చే ఉద్యోగానికి దరఖాస్తు పెడితే మేనేజరు రెఫరెన్సు ఇస్తారు. ఇక్కడ ఎన్నేళ్ల అనుభవం ఉన్నా, ఆ దేశంలో మన గురించి నోరు విప్పి మంచి చెప్పే మొదటి మనిషి ఆ మేనేజరే అవుతారు. అందుకే ఆ షాపు వెనక గదిలో ఎలా మెలగాలో ముందే తెలిసి ఉండాలి.

ఆక్స్‌ఫామ్, బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్, క్యాన్సర్ రీసెర్చ్ యూకే, బర్నార్డోస్, ఏజ్ యూకే, ఇలా పేర్లు ఏవైనా పద్ధతి ఒకటే. జనం తమకు అక్కర్లేని బట్టలు, పుస్తకాలు, గిన్నెలు, బొమ్మలు తెచ్చి ఇస్తారు. షాపువాళ్లు వాటిని ఏరి, ధర వేసి అమ్ముతారు. ఆ డబ్బు సంస్థ చేసే పనికి పోతుంది. ఆక్స్‌ఫర్డ్‌లోని బ్రాడ్ స్ట్రీట్‌లో 1940ల చివర ఆక్స్‌ఫామ్ తెరిచిన షాపు ఇప్పటికీ నడుస్తోంది. ఇవాళ దేశమంతటా ఇలాంటి షాపులు 10 వేలకు పైనే ఉన్నాయి.

మామూలు షాపుకు సరుకు వస్తే వెంట ఇన్‌వాయిస్ వస్తుంది. వంద చొక్కాలు వస్తే ఎన్ని అమ్ముడయ్యాయో ఎన్ని మిగిలాయో లెక్క ఉంటుంది. ఒకటి తగ్గినా స్టాకు చూసిన రోజున బయటపడుతుంది. ఛారిటీ షాపు గుమ్మంలో దించిన నల్ల సంచిలో ఏమేం ఉన్నాయో, ఇచ్చిన మనిషికే పూర్తిగా గుర్తుండదు. ట్యాగ్ పడి హ్యాంగర్‌కు ఎక్కేదాకా ఆ వస్తువు ఏ పుస్తకంలోనూ లేదు, ఏ కంప్యూటర్‌లోనూ లేదు. గుమ్మం దాటాక, ట్యాగ్ పడే ముందు, ఉన్న ఆ కాసేపూ దానికి కాపలా సంచి విప్పుతున్న మనిషి ఒక్కరే. కాబట్టి ఆ సంచిని పాతబట్టల మూట అనుకోకండి. ఎవరో ఒక మంచి పనికని పంపిన, ఇంకా ఎవరూ లెక్కపెట్టని డబ్బు అనుకోండి. ఈ వ్యాసంలో మిగతాదంతా దాని నుంచి వచ్చేదే.

మన ఇళ్లలో పాతబట్టల సంగతి వేరు. కట్టి విడిచిన చీరను పనమ్మాయికి చేతికిస్తాం, లేదంటే వీధిలోకి వచ్చిన స్టీలు సామాన్లవాళ్లకు వేసి ఓ గిన్నె తీసుకుంటాం. ఇచ్చేవాళ్లకూ తీసుకునేవాళ్లకూ మధ్య మూడోమనిషి ఉండరు. ఆ అలవాటుతో వెళ్లినవాళ్లకు, "ఎవరో వద్దనుకున్నవేగా, ఒకటి నేను తీసుకుంటే ఏం పోయింది?" అనిపించడంలో వింతేమీ లేదు. అక్కడి చట్టం మాత్రం అలా అనుకోదు. బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ షాపు బయట ఎవరో పెట్టిపోయిన సంచుల్నీ, ఆక్స్‌ఫామ్ షాపు వెనక చెత్తడబ్బాలోని సంచుల్నీ ఒకతను తీసుకున్నాడు. అవి ఎవరికీ అక్కర్లేక వదిలేసినవని అతని వాదన. బాసిల్డన్ మేజిస్ట్రేట్ కోర్టులో మొదలైన ఆ కేసు 2010లో హైకోర్టుకు వెళ్లింది. హైకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. గుమ్మం ముందు పెట్టినవాళ్లు వస్తువును వదిలేయలేదు, సంస్థకు ఇవ్వాలని పెట్టారు; సంస్థ తీసుకునేదాకా అది వాళ్లదే. డబ్బాలో వేసినవి కూడా వాటిని తీసుకెళ్లే బండి వచ్చేదాకా ఆక్స్‌ఫామ్ అధీనంలో ఉన్నట్టే.

వెనక గదిలో పనిచేసేవాళ్లకు ఇది నేరుగా తగిలే సంగతి. చిరిగినవి, మరకలు పోనివి, ఎన్ని వారాలున్నా అమ్ముడుపోనివి 'రాగ్' అని వేరే సంచుల్లో కడతారు. చూడటానికి చెత్తలా ఉన్నా వాటిని కిలోల లెక్కన వ్యాపారులకు అమ్ముతారు, ఆ డబ్బూ సంస్థకే చేరుతుంది. రాగ్ సంచిలోంచి ఒక స్వెట్టరు అడగకుండా తీసుకెళ్లినా దొంగతనం కిందే చూస్తారు. "ఎలాగూ పారేసేదే" అన్న మాట అక్కడ చెల్లదు.

ఇక చేతి అలవాట్లు. సంచిని ఒంటరిగా ఓ మూల కూర్చుని విప్పకండి, అందరికీ కనిపించే బల్ల మీద విప్పండి. మీ కోటూ బ్యాగూ లాకర్లో పెట్టండి, ఆ బల్ల దరిదాపుల్లో ఉండనీయకండి. ఇచ్చిన కోటు జేబులు, హ్యాండ్‌బ్యాగు అరలు, పుస్తకాల పేజీలు తప్పకుండా వెతకాలి. నోట్లు, ఉంగరాలు, పోయినవాళ్ల ఫొటోలు, బ్యాంకు కాగితాలు అక్కడే దొరుకుతాయి. దొరికినది ఇంకా చేతిలో ఉండగానే పక్కవాళ్లను పిలవండి. ముందు జేబులో పెట్టుకుని తరవాత మేనేజరుకు ఇద్దామనుకుంటే, ఆ మధ్యలో ఎవరైనా చూస్తే మీ దగ్గర చెప్పడానికి మాట ఉండదు. కోటు ఇచ్చిన మనిషి జేబులోని 50 పౌండ్లు కూడా ఇద్దామనుకోలేదు కదా. ఆ మనిషిని కనుక్కోవడానికి దారి ఉందేమో చూడాల్సింది మేనేజరు. ఎంత దొరికింది, ఏ సంచిలో, ఎన్ని గంటలకు అన్నది రాయించి, ఇద్దరి సంతకాలు పడేలా చూసుకోవడం మీ పని.

నచ్చిన వస్తువు కొనుక్కోవచ్చా? కొనుక్కోవచ్చు, చాలామంది కొనుక్కుంటారు. చాలా షాపుల్లో దానికొక కట్టుబాటు ఉంటుంది: వస్తువు ముందు షాపులోకి వెళ్లి కొంతసేపు అందరితోపాటు అమ్మకానికి ఉండాలి, ధర మీరు కాక వేరొకరు వేయాలి, బిల్లు వేరొకరు కొట్టాలి, రసీదు మీద మేనేజరు సంతకం ఉండాలి. మీ షాపు పద్ధతేమిటో మొదటి రోజే అడగండి. ఎవరూ ఏమీ చెప్పకపోతే ఇవి మీరే పెట్టుకుని పాటించండి. టిల్ మీద ఉన్నప్పుడు మీ ఫ్లాట్‌మేట్లు వచ్చి, "ఒరేయ్, నువ్వేగా ఉన్నది, ఈ జాకెట్ రెండు పౌండ్లకు కొట్టెయ్‌రా" అంటే, టిల్ వేరేవాళ్లకు అప్పగించి పక్కకు తప్పుకోండి.

వీటన్నిటికంటే కష్టమైనది ఇంకొకటుంది. దాని గురించి ఏ శిక్షణలోనూ చెప్పరు, ఎందుకంటే అది మనలాంటివాళ్లకే ఎదురవుతుంది.

మన దేశంవాళ్లు ఎక్కువగా ఉండే లెస్టర్, ఈస్ట్ హామ్, హౌన్‌స్లో లాంటి చోట్ల సంచుల్లో మన చీరలూ వస్తాయి. పక్కన నిలబడ్డ వాలంటీరుకు అది అయిదారు మీటర్ల రంగు గుడ్డ. కర్టెన్లకో కుషన్ కవర్లకో పనికొస్తుందని 4 పౌండ్ల ట్యాగ్ కొడతారు. మీరు తిరగేసి చూస్తారు. నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేసిన గద్వాల. లేదా వెనకా ముందూ ఒకేలా కనిపించే పోచంపల్లి ఇక్కత్. లేదా చేత్తో పువ్వు పువ్వూ ఎత్తిన ఉప్పాడ జాందానీ. ఆ గదిలో దాని విలువ తెలిసిన మనిషి మీరొక్కరే. మాట్లాడకుండా ఆ 4 పౌండ్లూ కట్టి తీసుకుంటే రసీదు ఉంటుంది, సంతకం ఉంటుంది, ఒక్క నియమమూ తప్పినట్టు కనిపించదు. అయినా అది తప్పే. ఆ చీర ఇచ్చిన ఆవిడ దాని విలువంతా ఆ సంస్థకు చేరాలనుకుంది. మిమ్మల్ని ఆ బల్ల దగ్గర నిలబెట్టింది మీకు తెలిసింది చెబుతారనే.

కాబట్టి చెప్పండి. "ఇది మగ్గం మీద నేసింది, మా దగ్గరే దీని ధర ఇంత ఉంటుంది, విండోలో వేలాడదీస్తే మా ఆడవాళ్లు గుర్తుపడతారు" అనండి. చాలా సంస్థలు ఖరీదైనవాటిని ఆన్‌లైన్లో అమ్ముతాయి. అక్కడ పెడితే బాగుంటుందని సూచించండి. ధర సరిగా పడ్డాక కూడా మీకు కావాలనిపిస్తే ఆ ధర పెట్టి కొనుక్కోండి. ఆ తరవాత ఏ చీర వచ్చినా మిమ్మల్నే పిలుస్తారు. మిమ్మల్ని గురించి రెఫరెన్సు రాసేటప్పుడు మేనేజరుకు "కష్టపడతారు, వేళకు వస్తారు" అని కాక, చెప్పడానికి ఒక సంఘటన ఉంటుంది.

నగల విషయంలో ఇదే సంగతి తిరగబడుతుంది. మన వన్ గ్రామ్ గోల్డ్ హారం చూసి మేనేజరు బంగారమనుకోవచ్చు. కాదని చెప్పాల్సింది మీరే. అచ్చమైన 22 క్యారెట్ల గాజు వచ్చినా తొందరపడకూడదు. 1973 నాటి హాల్‌మార్కింగ్ చట్టం ప్రకారం గ్రాముకు మించిన వస్తువును హాల్‌మార్కు లేకుండా బంగారమని చెప్పి అమ్మకూడదు. మన ఊరి కంసాలి చేసినదానికి అక్కడి ముద్ర ఎక్కడిది? ధర వేయకుండా పక్కన పెట్టించి, లండన్, బర్మింగ్‌హామ్, షెఫీల్డ్, ఎడిన్‌బరోల్లో ఉన్న, బంగారాన్ని పరీక్షించి ముద్ర వేసే అసే ఆఫీసుల్లో దేనికైనా పంపమని చెప్పండి. తెలియక తక్కువ ధర వేయడం ఎవరికైనా జరుగుతుంది. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఒక ఛారిటీ షాపు 1 పౌండుకు అమ్మిన చైనా పూలకూజా 2019లో వేలంలో లక్షల పౌండ్లు పలికింది. దాన్ని పొరపాటంటాం. తెలిసీ నోరు మూసుకోవడాన్ని అలా అనలేం.

కొందరు మేనేజర్లు మంచి మనసుతోనే, "ఇంత పనిచేశావు, ఆ బూట్లు ఉంచుకో" అంటారు. మర్యాదగా వద్దనండి, లేదా డబ్బిచ్చి రసీదు తీసుకోండి. ఇందులో మీ వీసా భద్రత కూడా ఉంది. వాలంటీరుకు బస్సు ఛార్జీల్లాంటి నిజమైన ఖర్చులే తిరిగి ఇవ్వాలి. వస్తువులో, మరో ప్రతిఫలమో అందితే ఆ పనిని జీతం లేని ఉద్యోగంగా చూసే వీలుంటుంది. అలా లెక్కవేస్తే, డిగ్రీ స్థాయి విద్యార్థికి టర్మ్ రోజుల్లో ఉన్న వారానికి 20 గంటల పరిమితిలోకి ఆ గంటలూ చేరతాయి. మీరు చేసేది ఏ రకమో మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. మిమ్మల్ని చూడటానికి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు ఊరికే కూర్చోలేక షాపుకు వస్తామంటే, రిజిస్టరైన ఛారిటీలో మొత్తం 30 రోజుల వరకే వాలంటీరుగా ఉండొచ్చు.

గిఫ్ట్ ఎయిడ్ దగ్గర కూడా జాగ్రత్త కావాలి. పన్ను కట్టే దాత ఒక ఫారం మీద సంతకం పెడితే, అతని వస్తువులు అమ్మగా వచ్చిన ప్రతి పౌండుకూ సంస్థ ప్రభుత్వం నుంచి మరో 25 పెన్స్ తెచ్చుకోవచ్చు. అందుకని ఆ సంచి మీద అతని నంబరున్న స్టిక్కరు అంటిస్తారు. పద్ధతి ప్రకారం ఆ వస్తువు అమ్ముడయ్యేదాకా దాతదే. సంస్థ అతని తరఫున అమ్మి, ఎంత వచ్చిందో అతనికి తెలియజేస్తుంది. "ఈ వారం గిఫ్ట్ ఎయిడ్ టార్గెట్ రాలేదు" అని ఎవరైనా విసుక్కున్నా, ఒకరి స్టిక్కరు ఇంకొకరి వస్తువు మీద అంటించకండి. అది పన్ను శాఖకు దొంగ లెక్క ఇవ్వడమే. మీ స్నేహితులతో సంతకం పెట్టించే ముందు కూడా, వాళ్లు అక్కడ పన్ను కడుతున్నారో లేదో అడగండి. కట్టిన పన్నుకు మించి సంస్థ తెచ్చుకుంటే ఆ తేడా వాళ్లే కట్టాల్సి వస్తుంది.

దాతలు, ముఖ్యంగా మనవాళ్లు, సంచి దించుతూ, "ఇవి పేదవాళ్లకే ఇస్తారు కదమ్మా?" అని అడుగుతారు. "అవునండీ" అనడం తేలిక. అనకండి. "అమ్ముతామండీ, ఆ డబ్బు ఫలానా పనికి వెళ్తుంది. అమ్ముడుపోనివి బరువు లెక్కన పాతబట్టల వ్యాపారులకు పోతాయి" అని చెప్పండి. ఆ వ్యాపారుల నుంచి అవి ఘనా దాకా వెళ్లొచ్చు, మన కాండ్లా రేవు మీదుగా పానిపట్‌కూ రావచ్చు. నిజం విని సంచి వెనక్కి తీసుకెళ్లేవాళ్లుంటే తీసుకెళ్లనివ్వండి. పగిలిన గిన్నెల్ని, విరిగిన బొమ్మల్ని మొహమాటానికి తీసుకోకండి. వాటిని పారేయించే ఖర్చు సంస్థ మీదే పడుతుంది.

చివరగా, మీ పైవాళ్లే సంచుల్లోంచి మంచివి ఇంటికి తీసుకెళ్తున్నారని కనిపిస్తే? చూసింది మాత్రమే రాసి పెట్టుకోండి: తేదీ, వస్తువు, ఏం జరిగింది. ఊహలు రాయకండి. వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఏరియా మేనేజరుకు చెప్పండి. అక్కడా కదలిక లేకపోతే ఇంగ్లండ్, వేల్స్‌లో ఛారిటీ కమిషన్‌కు రాయొచ్చు. స్కాట్లాండ్‌కూ నార్తర్న్ ఐర్లాండ్‌కూ వేరే నియంత్రణ సంస్థలున్నాయి. తప్పును బయటపెట్టే ఉద్యోగికి 1998 చట్టం ఇచ్చే రక్షణ మామూలుగా వాలంటీరుకు వర్తించదు, కాబట్టి ఆ మేనేజరు ఒక్కరి రెఫరెన్సు మీదే ఆధారపడకండి. ఫిర్యాదు చేసేటప్పుడే అదే సంస్థ మరో బ్రాంచికి మార్చమని ఏరియా మేనేజరును అడగండి. వాలంటీర్లు కావాలన్న బోర్డు లేని ఛారిటీ షాపు అరుదు, పక్క వీధిలోనే చోటు దొరుకుతుంది.