భావవికారములు: కొల్లేటి దృష్టాంతము

ఒక వస్తువును వర్ణింపుమన్నచో సామాన్యముగా దాని పరిమాణమును, రూపమును, రంగును చెప్పుదురు. కుండకో, రాతికో ఇది చాలును. నదికి, అడవికి, సరస్సునకు చాలదు. నిలిచియున్నట్లు కనబడుచునే అవి మారుచుండును. ఆ మార్పే వాటి స్వభావము. ప్రపంచమునకు 'జగత్తు' అని పేరిడిన పూర్వులు ఈ సంగతి నెరిగినవారే. పోవుచుండునది జగత్తు. నదికి 'సరిత్తు' అను పేరును కదలికను బట్టియే కలిగినది.

యాస్కుడు నిరుక్తమున వార్ష్యాయణి మతమును పేర్కొనుచు ఆరు భావవికారములను చెప్పెను: పుట్టుట, ఉండుట, మారుట, పెరుగుట, క్షీణించుట, నశించుట. ఇందు రెండవది విశేషముగ గమనింపదగినది. 'ఉండుట' సైతము వికారములలోనే లెక్కకు వచ్చినది! యాస్కుడు దీనిని క్రియాపదముల చర్చలో ఎత్తుకొనెను. తరువాతి వేదాంతులు దేహమును గూర్చి చెప్పుటకు విరివిగా వాడిరి. ప్రకృతిని పరిశీలించువారికిని ఇది మిక్కిలి ఉపకరించును.

కొల్లేటిని తీసికొందము. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ, ఏలూరునకు దక్షిణమున నున్న ఈ మంచినీటి సరస్సు వైశాల్యమెంత? ఒక్క సంఖ్యతో ఉత్తరము చెప్ప వీలులేదు. నీటిమట్టము సముద్రమట్టమునకు మూడడుగుల ఎత్తున నున్నప్పుడు సుమారు 135 చదరపు కిలోమీటర్లు. ఐదడుగుల వద్ద 308. పదడుగులకు చేరినచో 901. అచటి నేల అంత సమతలము. నీరు ఏడడుగులు లేచునంతలో సరస్సు ఆరు రెట్లకు మించి విస్తరించును. ఈ మూడింటిలో ఏది నిజమైన కొల్లేరు? మూడును నిజమే. పటములో నీలిరంగు పూసి చూపునది ఒకనాటి కొల్లేరు మాత్రమే.

కనుక వైశాల్యము నడుగుటకంటె, నీరు ఎంత వేగముగ వచ్చుచున్నది, ఎంత వేగముగ పోవుచున్నది అని అడుగుట మేలు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులును, డెల్టాల మురుగుకాలువలును నీటిని తెచ్చును. సముద్రమునకు కొనిపోవునది ఉప్పుటేరు ఒక్కటే. రాక పోకకంటె మించినంతకాలము సరస్సు పెరుగును, సమమైననాడు 'ఉండును', తగ్గిననాడు క్షీణించును. నిశ్చలముగ కనబడు దినమున గూడ నీరు ప్రవహించుచునే యుండును. వార్ష్యాయణి ఉనికిని వికారములలో చేర్చుటకు ఇంతకంటె తేటయైన ఉదాహరణము దొరకదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు, నగరమున తీసిన వరద కొల్లేటి దిక్కునకే సాగెను.

ఋతువులతో తిరిగివచ్చు మార్పు ఒకటి. తిరిగి రానిది మరియొకటి. రెండు నదుల ఒండ్రు శతాబ్దముల తరబడి పేరుకొని తీరమును ముందుకు త్రోయుటచే, ఒకప్పుడు కడలి చెంతనుండిన ఈ పల్లము నేడు ముప్పది కిలోమీటర్లకు పైగా లోపల నున్నది. ఏరులు తెచ్చు మట్టి దాని అడుగునకు చేరి ఏటేట లోతును హరించుచున్నది. డెల్టాకు వృద్ధియైనదే సరస్సునకు క్షయము.

మూడవది మనుష్యుడు తెచ్చిన మార్పు. చేపల చెరువులకై సరస్సు గర్భమున గట్లు లేచెను. గట్టు వేసినచోట నీరు విస్తరింపజాలదు. వరద ప్రక్క గ్రామములపై పడును. 1999లో ఐదడుగుల కాంటూరు వరకు అభయారణ్యముగ ప్రకటింపబడినది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల రామ్‌సార్ చిత్తడినేలల పట్టికలో చేరినది. 2006లో ప్రభుత్వము గట్లను కొట్టించెను. 2008లో శాసనసభ, సరిహద్దును మూడడుగులకు తగ్గింపవలెనని తీర్మానించెను. చెరువులపై బ్రదుకు కుటుంబముల బాధ తక్కువది కాదు. దానిని లెక్కచేయక సరస్సును గూర్చి మాటలాడుట న్యాయము కాదు. అయినను ఐదడుగులా, మూడడుగులా అను వాదమున ఇరుపక్షములును ఒక గీతనే చూచుచుండిరి. చట్టమునకు గీత అవసరమే. నీటికి కావలసినది మాత్రము గీతకు ఇరువైపులను లేచి దిగుటకు చోటు.

ఉప్పుటేటి సంగతియు ఇట్టిదే. వర్షాకాలమున అది కొల్లేటినీటిని సముద్రమునకు దించును. ఎండలు ముదిరి సరస్సు మట్టము పడిపోయినప్పుడు పోటు ఎదురెక్కును. ఉప్పునీరు అదే దారిన పైకి వచ్చి కొల్లేటి అంచులను తాకును.