గ్రూపులో గొడవ, రెండు దేశాల చట్టం

ప్రశ్న: అరాద్‌లో మా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఆంధ్రా రాజకీయాల మీద మాటామాటా పెరిగి ఒకాయన నా భార్యను లాగి బూతులు పెట్టాడు. కోపంలో నేనూ అతని మతాన్ని కలిపి ఒక మాటన్నాను. అడ్మిన్ ఇద్దర్నీ తీసేశాడు. ఇది నా భావప్రకటన స్వేచ్ఛకు భంగం కాదా? అతని మీద కేసు పెట్టొచ్చా?
- ఒక పాఠకుడు, అరాద్, బహ్రెయిన్

జవాబు: గ్రూపులోంచి తీసేయడం హక్కుల భంగం కాదు. భారత రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం మీ నోరు నొక్కొద్దని ప్రధానంగా చెప్పేది ప్రభుత్వానికి. అడ్మిన్ ప్రభుత్వం కాదు. ఎవర్ని ఉంచాలో, ఎవర్ని తీయాలో అతనిష్టం. పైగా అరాద్‌లో ఉన్నంతకాలం ముందుగా మీకు వర్తించేది బహ్రెయిన్ చట్టం. అక్కడి రాజ్యాంగం 23వ అధికరణం కూడా అభిప్రాయం చెప్పే హక్కు ఇస్తుంది. కాకపోతే ఇస్లాం మౌలిక విశ్వాసాలకు, ప్రజల ఐక్యతకు భంగం కలిగించకూడదని, వర్గ విద్వేషం రేపకూడదని షరతు పెట్టింది.

ఇక కేసు. పెట్టొచ్చు. 1976 నాటి బహ్రెయిన్ శిక్షాస్మృతిలో 364, 365 అధికరణాలు పరువునష్టానికి, దూషణకు సంబంధించినవి. ఫోన్‌ను దుర్వినియోగం చేసి ఎదుటివారిని కావాలని వేధించడం 290 కింద నేరం.

అయితే ఫిర్యాదుకు వెళ్లేముందు మీరు పెట్టిన మెసేజ్ మరోసారి చదువుకోండి. మతాన్ని కించపరిస్తే 309వ అధికరణం కింద ఏడాది దాకా జైలు, లేదా 100 దినార్ల దాకా జరిమానా. అతని బూతు చూపించడానికి మీరిచ్చే స్క్రీన్‌షాట్‌లోనే మీ మాటా ఉంటుంది. విదేశీయుడికి జైలుశిక్ష పడితే దేశం నుంచి పంపించేసే అధికారం కూడా అక్కడి కోర్టుకు ఉంది.

వేరే దేశాల సంగతులు రాసినా ఇబ్బందే. విదేశాన్ని బహిరంగంగా అవమానించడం 215 కింద నేరం. బహ్రెయిన్ హక్కుల కార్యకర్త నబీల్ రజబ్‌కు 2018లో ఐదేళ్ల శిక్ష వేసింది ట్వీట్లకు, రీట్వీట్లకే. అందులో యెమెన్ యుద్ధంపై చేసిన విమర్శలూ ఉన్నాయి. అలాంటి శిక్షను హక్కుల సంఘాలు తప్పుబట్టాయి, కానీ అమల్లో ఉన్నది ఆ చట్టమే. కేసు దాకా పోకుండానే కొలువు పోవచ్చు. 2023 అక్టోబరులో ఇజ్రాయెల్-పాలస్తీనా యుద్ధంపై పోస్టులు పెట్టిన ఒక భారతీయ డాక్టరును బహ్రెయిన్‌లోని ఆస్పత్రి తొలగించింది. ఆయన క్షమాపణ చెప్పుకున్నారు, ఉద్యోగం మాత్రం నిలవలేదు.

మన చట్టం కూడా మిమ్మల్ని వదలదు. 2015 మార్చి 24న ఆన్‌లైన్ రాతలకు శిక్ష వేసే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది కాబట్టి ఇక ఏమైనా రాయొచ్చని చాలామంది అనుకుంటారు. కానీ విద్వేషానికి 196, మత విశ్వాసాలను అవమానించడానికి 299, పరువునష్టానికి 356 సెక్షన్లు భారతీయ న్యాయ సంహితలో ఉన్నాయి. విదేశంలో ఉన్న భారత పౌరుడికీ ఆ సంహిత వర్తిస్తుంది. 2023 డిసెంబరులో అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రవాసాంధ్రుణ్ణి సోషల్ మీడియా పోస్టుల కేసులో ఏపీ సీఐడీ హైదరాబాద్ విమానాశ్రయంలోనే అదుపులోకి తీసుకుని, నోటీసిచ్చి వదిలింది. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాకపోతే పోలీసులు ముందు నోటీసివ్వాలి. ఆ నోటీసు వస్తే దాటవేయకుండా లాయరుతో మాట్లాడి హాజరుకండి.

రాజకీయాలు మాట్లాడొద్దని నేననను. ఎలా మాట్లాడుతున్నామన్నదే చూసుకోవాలి. 'ఫలానా నాయకుడు రోడ్డు డబ్బు మింగాడు' అంటే రుజువు మీరే తేవాలి. 'ఆ రోడ్డుకు టెండరు ఎందుకు పిలవలేదు?' అని అడిగితే అది పౌరుడి ప్రశ్న. మనిషి కులం, మతం, ఇంటి ఆడవాళ్ల జోలికి పోకుండా చేసిన పనిని ఎంత గట్టిగానైనా విమర్శించండి. ఊరూపేరూ తెలియని ఫార్వర్డ్‌ను పంపితే అది మీ మాట కిందే లెక్క.

మీ విషయంలో నా సలహా: చాట్ మొత్తం భద్రపరచుకోండి, ఏదీ చెరపొద్దు. అతను బూతులు ఆపకపోయినా, బెదిరించినా బహ్రెయిన్ సైబర్ క్రైమ్ విభాగం హాట్‌లైన్ 992కు ఫోన్ చేయండి. అంతటితో ఆగిపోయి ఉంటే, ఇద్దరివైపూ తప్పుంది కాబట్టి పెద్దమనుషుల్ని మధ్యన పెట్టి మాట్లాడుకోండి. ముందు మీ వైపు నుంచి క్షమాపణ చెప్పండి. కేసు దాకా వెళ్తే నష్టపోయేది మీరిద్దరే.