లత్తుకా, పారాణీ ఒకటేనా?

ప్రశ్న: మా మనవరాలి పెళ్లి దగ్గరపడింది. కాళ్లకు పెట్టే ఎర్ర రంగును మా అత్తగారు లత్తుక అనేవారు. ఇంట్లో మిగతావాళ్లంతా పారాణి అంటారు. కొట్టతనేమో ఆల్తా అని సీసా చేతిలో పెట్టాడు. మూడూ ఒకటేనా? లత్తుక తెలుగు మాటేనా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ముందు మీ అత్తగారి మాట సంగతి. సంస్కృతంలో అలక్తకం అంటే లక్క నుంచి తీసిన ఎరుపు. కావ్యాల్లో నాయికలు పాదాలకే కాదు, పెదాలకూ రాసుకున్నది అదే. ఆ మాట ప్రాకృతాల్లో నలిగి, మొదటి అక్షరం రాలిపోయి మనకు లత్తుక అయింది. బెంగాలీలో ఆల్తాగా మిగిలింది. కాబట్టి పేరు వరకూ సీసాదీ, మీ అత్తగారిదీ ఒకటే. సరుకే వేరు.

లక్క పురుగులు రేగు, మోదుగ కొమ్మల రసం పీల్చి ఒంటి చుట్టూ జిగురు గూడు కట్టుకుంటాయి. దాన్ని కొమ్మ నుంచి గీకి, నలగ్గొట్టి నీళ్లలో కడిగితే పురుగు ఒంట్లోని ఎరుపు నీళ్లలోకి దిగుతుంది. మిగిలిన జిగురే లక్క. ఏటికొప్పాక లక్కపిడతల మెరుపూ, లాడ్‌బజారు గాజులూ దాని చలవే. రంగు మాత్రం, 19వ శతాబ్దిలో రసాయన రంగులు వచ్చాక గిట్టుబాటుకాక మూలపడింది. ఇప్పటి ఆల్తా సీసాల్లో ఎక్కువగా ఉండేది రసాయన రంగే. కొనేశారు కనుక, పెళ్లికి నాలుగు రోజుల ముందే అమ్మాయి మోచేతి మడతలో ఒక చుక్క పెట్టి చూడండి. దురద పుడితే పక్కన పడేయండి.

పారాణికి లక్కతో సంబంధమే లేదు. పసుపు, సున్నం, కాసిని నీళ్లు, అంతే. క్షారం తగలగానే పసుపు ఎర్రబడుతుంది. హారతి పళ్లెంలో ఎర్రనీళ్లు కలిపేదీ ఇలాగే. పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రగా తేలుతుందే, అదీ ఇదే. నిమ్మరసం పిండితే మళ్లీ పసుపే.

నా ఓటు పారాణికే. తాంబూలంలోకి వాడే తడి సున్నం చిటికెడు చాలు. ఎరుపు తేలలేదని సున్నం దట్టిస్తే చర్మం మండుతుంది. మంచి పసుపుకొమ్ములు దంచుకోండి. పగిలిన మడమల జోలికి పోవద్దు. పట్టుచీర కట్టకముందే పెట్టించి, బాగా ఆరనివ్వండి.